చిరుత కెమెరాకు చిక్కింది.. జింక లెక్క తేలేదెన్నడు?

శాలిబండ: చిరుత వార్త వచ్చిన ప్రతిసారీ పాతబస్తీ ఉలిక్కిపడుతుంది. 2020 మే నెలలో ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని మైలార్‌దేవ్‌పల్లి వద్ద రహదారిపై కనిపించిన చిరుత, జనం చూస్తుండగానే తప్పించుకుంది. కెమెరాలు పెట్టి నెలల తరబడి జాడ వెతికారు. లేగదూడలు బలయ్యాక అక్టోబరులో రాజేంద్రనగర్‌లో ఒక చిరుత బోనుకు చిక్కింది. 2024 ఏప్రిల్ చివర శంషాబాద్ విమానాశ్రయంలో కనిపించిన మరొకటి మే 3న పట్టుబడింది. రెండింటినీ తరలించింది శాలిబండకు చేరువనే బహదూర్‌పురాలో ఉన్న నెహ్రూ జంతు ప్రదర్శనశాలకే.

రెండు సందర్భాల్లోనూ అటవీశాఖకు కళ్లుగా పనిచేసినవి ట్రాప్ కెమెరాలు. చెట్టుకు మోకాలి ఎత్తున కట్టే ఈ పెట్టె, ఎదుట వెచ్చని శరీరం కదలగానే తనంతట తానే ఫొటో తీస్తుంది. ఒక పులి చారలు మరొక పులికి ఉండవు. చిరుత మచ్చలూ అంతే. అందుకే బాటకు ఇరువైపులా రెండు కెమెరాలు అమర్చి, ఏ జంతువు ఏదో పోల్చుకుంటారు. 2022 గణనలో తెలంగాణలో 21, ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులున్నట్లు అంచనా కట్టడానికి ఆధారం ఈ పద్ధతే.

జింకల సంగతి వేరు. ఒకే మంద ఒక్క రాత్రిలో పదిసార్లు కెమెరా ముందు తిరుగాడవచ్చు. ఫొటోలు వంద ఉన్నంత మాత్రాన జింకలు వంద ఉన్నట్లు కాదు. సిబ్బంది రెండు కిలోమీటర్ల సరళరేఖ వెంట నడిచి, కంటపడిన మందను, అది ఉన్న దూరాన్ని నమోదు చేయవలసిందే. ఇంతటి శ్రమతో కూడిన ఈ లెక్కకు పత్రికల్లో దక్కే చోటు మాత్రం స్వల్పం.

నల్లమలలో జింకలను గమనించేందుకు ఫాల్గుణ, చైత్ర మాసాలు అనువైనవి. ఆకు రాలి అడవి పలుచబడుతుంది. వాగులు ఎండి జంతువులన్నీ మిగిలిన నీటిగుంటలకు చేరతాయి. ఇప్పపూలు రాలిన చోట చుక్కల జింకలు వేకువనే మేతకు వస్తాయి. అయితే ఇక్కడే ఒక తిరకాసు ఉంది. కెమెరా పసిగట్టేది శరీరానికీ పరిసరాలకూ ఉన్న వేడి తేడాను. ఏప్రిల్ మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలకు చేరితే ఆ తేడా దాదాపు మాయమై, ఎదుట నిలిచిన జింకను సైతం అది వదిలేయవచ్చు. వడగాలికి ఊగే ఎండుగడ్డిని మాత్రం అదే పనిగా ఫొటోలు తీస్తుంది. ఎండల్లో ఫొటోలు తగ్గాయని జింకలు తగ్గాయనుకోవడం, గుంట వద్ద పెరిగాయని మంద పెరిగిందనుకోవడం రెండూ పొరపాటే.

నగరానికి దగ్గరలో వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి ఉంది. 1994లో జాతీయ ఉద్యానంగా మారిన ఈ 14.59 చదరపు కిలోమీటర్ల వనం చుట్టూ నేడు కాలనీలే. బయలు నేల గనుక కృష్ణజింకలను పగటిపూట కంటితోనే లెక్కించవచ్చు. రాత్రివేళ కంచె సందుల్లోంచి కుక్కలు చొరబడుతున్నాయా, ఎవరైనా ఉచ్చులు పన్నుతున్నారా అన్నది పట్టిచ్చేందుకు మాత్రం కెమెరాయే దిక్కు.

అడవిలో జింక కరువైన చోట చిరుత చూపు పశువుల కొట్టం మీదికి మళ్లుతుంది. ఏటా వసంతంలో అవే దారుల్లో నడక లెక్క సాగి, పులుల సంఖ్యతో పాటే దాని ఫలితాలూ వెలువడితే, ఆ ముప్పు బోను తెప్పించడానికి ముందే తెలుస్తుంది.