రహస్య ఓటు గనులకే పరిమితమా?

2023 డిసెంబరు 27న సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నిక జరిగింది. కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు ఏరియాల్లో ఐఎన్‌టీయూసీ గెలిచింది. మొత్తం ఓట్లలో ఏఐటీయూసీ ముందుండి కంపెనీ అంతటికీ గుర్తింపు సంఘమైంది. గెలుపోటముల సంగతి అటుంచుదాం. గని కార్మికుడు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా రహస్యంగా ఓటు వేసి వచ్చాడు. 1998 నుంచి అక్కడ ఇదే పద్ధతి.

సర్వీసంతా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా గడిపిన మాకు ఆ అవకాశం ఒక్కసారీ రాలేదు. మాకు సంఘమంటే చందా రశీదు. అది కూడా పై అధికారి ఎదుటే రాయించుకునేవారు. రంజాన్ నెలలో గంట ముందు వెళ్ళడానికి ప్రభుత్వ ఉత్తర్వు ఉన్నా, దాన్ని అమలు చేయమని మా తరఫున సంఘం నోరు మెదపలేదు. సెక్షనులో మేము ఒక్కరమే, ఎవరికి అవసరం?

1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం 2025 దాకా సంఘాన్ని రిజిస్టరు చేసేది. యాజమాన్యం దాన్ని గుర్తించి తీరాలని చెప్పలేదు. అలా చెప్పే సవరణ 1947లో వచ్చినా అమలుకు నోచుకోలేదు. కేంద్ర ఉద్యోగులకు 1993 నియమాలున్నాయి. జీతం నుంచి చందా కోతకు ఇచ్చిన లేఖలను లెక్కగట్టి, 35 శాతం ఉంటే గుర్తింపు ఇస్తారు. ఎవరు ఏ సంఘమో యాజమాన్యానికి పేర్లతో సహా తెలిసిపోతుంది. కులం, మతం ప్రాతిపదికన ఏర్పడిన సంఘానికి గుర్తింపు లేదని కూడా ఆ నియమాలే అంటాయి. దాన్ని మేము తప్పుపట్టం. అయితే ప్రత్యేక సంఘం వద్దన్నప్పుడు, ఉమ్మడి సంఘంలోనైనా నిర్భయంగా ఓటు వేసే వీలుండాలి కదా! కొద్దిమందిగా ఉన్నవారికి రహస్య బ్యాలెట్టే రక్షణ.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 51 శాతం మద్దతున్న సంఘాన్ని ఏకైక చర్చల సంఘంగా గుర్తిస్తుంది. ఏ సంఘానికీ అంత బలం లేకపోతే 20 శాతానికో ప్రతినిధి చొప్పున మండలి ఏర్పడుతుంది. కానీ లెక్క సంస్థ మస్టరు రోలులో ఉన్నవారిదే. ప్రభుత్వ సార్వభౌమ విధులు కోడ్ పరిధిలోకే రావు కనుక గుమాస్తాల స్థితి మారలేదు.

ఖమ్మం, భద్రాచలం ఉద్యోగ సోదరులకు మా విన్నపం ఒకటే. మీ సంఘం తదుపరి సర్వసభ్య సమావేశంలో రహస్య బ్యాలెట్ కోరుతూ రాతపూర్వకంగా తీర్మానం పెట్టండి. అందులో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికీ ఓటు అడగండి. మణుగూరు ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టరు కింద మట్టి లారీ నడిపే మన పిల్లలు 2023 ఎన్నిక నాడు కూడా లారీ మీదే ఉన్నారు. ఓటర్ల జాబితాలో వారి పేరు లేదు.