తాగుడు ఆదాయం ఖజానాకి, తాగుడు జబ్బు ఆడవాళ్ళ నెత్తికా?

మా కృత్తివెన్నులో మద్యం షాపు ఎక్కడుందో చిన్నపిల్లలు కూడా చెప్తారు. తాగుడు మాన్పించే డాక్టరు ఎక్కడున్నాడని అడిగితే మాత్రం పెద్దవాళ్ళకీ తెలియదు.

ఆ మధ్య మా దగ్గర ఒక మత్స్యకార కుటుంబంలో జరిగింది చెప్తాను. ఇరవై ఏళ్ళుగా తాగుతున్న మనిషి, కూతురి పెళ్ళి కుదిరిందని ఒట్టేసి ఒక్కసారిగా మానేశాడు. మూడో రోజుకి చేతులు వణుకు, ఒళ్ళంతా చెమటలు, గోడల మీద పాములు పాకుతున్నాయని కేకలు. గాలి సోకిందన్నారు. భార్య అప్పు చేసి తాయెత్తు కట్టించింది. చివరికి అందరం కలిసి ఆటోలో వేసుకుని బందరు తీసుకెళ్ళాం. బతికాడు. "మానితే కూడా ప్రాణం మీదకొస్తుందని ఒక్కరైనా చెప్పలేదేం అక్కా?" అని ఆమె నన్నడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఏళ్ళ తరబడి విపరీతంగా తాగినవాళ్ళు హఠాత్తుగా మానేస్తే ప్రాణాపాయం రావచ్చు, మందులిచ్చి కనిపెట్టుకుని ఉండాలి. ఇది డాక్టర్లందరికీ తెలిసిన విషయమే. ఆమెకి చెప్పే బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోలేదు.

డబ్బు లేదంటారు. 2024 అక్టోబరులో రాష్ట్రంలో 3,396 షాపులకి లాటరీ తీశారు. దాదాపు 90 వేల దరఖాస్తులు, ఒక్కోదానికి తిరిగి ఇవ్వని ఫీజు 2 లక్షలు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకి సుమారు 1,800 కోట్లు చేరాయి. అందులో మా మండలానికి ఒక్క కౌన్సిలర్ జీతం రాదా?

చట్టం లేదనడానికీ వీల్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులని కూడా మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కని 18వ సెక్షన్ చెప్తోంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లోనే మొదలైంది. 2022లో 14416 ఫోను సేవ వచ్చింది. మంచిదే. కానీ వణికిపోతున్న మనిషికి ఫోను ఇంజెక్షను చెయ్యలేదు కదా!

పంచాయతీల సంగతి చూడండి. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకి అప్పగించదగ్గవిగా పేర్కొన్న 29 అంశాల్లో ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్లు సిఫార్సు చేసింది. ఆ పద్దులు భవనాలకి, పరీక్షల సౌకర్యాలకి. మనసుకి వచ్చే జబ్బులకంటూ విడిగా పద్దు లేదు. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవి. సీటు ఇచ్చారు, పద్దు ఇవ్వలేదు.

డబ్బొస్తే సరిపోదు, అడిగేవాళ్ళుండాలి. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు. గొలుసులు కట్టడాన్ని 2017 చట్టం నిషేధించింది. ఇలాంటి కేంద్రాల మీద ఫిర్యాదులు వినే సమీక్షా బోర్డుల్లో రోగులకి, వాళ్ళని చూసుకునేవాళ్ళకి, వాళ్ళ తరఫున పనిచేసే సంస్థలకి కలిపి రెండు స్థానాలున్నాయి. వాటిని అడుగుదాం.

ఇందులో మన తప్పూ ఉంది. దూబగుంట నుంచి లేచిన ఉద్యమం 1993లో సారాని, 1995లో మొత్తం మద్యాన్ని నిషేధింపజేసింది. 1997లో ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. మనం షాపు మూయమన్నాం గానీ ఆసుపత్రిలో గది తెరవమని అంత గట్టిగా అడగలేదు. షాపులు తిరిగొచ్చాయి, మన చేతిలో ఏమీ మిగల్లేదు. "తాగుబోతుకి వైద్యమెందుకు?" అని మనలోనే కొందరంటారు. అతన్ని రాత్రంతా పట్టుకుని కూర్చునేది ఎవరు? నిద్రలేక, దిగులుతో, తనూ జబ్బుపడేది ఎవరు? ఆమెని పరీక్షించమని ఎవరడిగారు?

అందుకే ఈసారి గ్రామసభలో ఇవి అడుగుదాం. ఎక్సైజు ఆదాయంలో ఒక వాటా మండలానికి, వైద్యం కోసమే రావాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికొక రోజు మానసిక వైద్యం, ఏడాది పొడుగునా మందులు ఉండాలి. ఎందరు వచ్చారు, వాళ్ళలో ఆడవాళ్ళెందరు, మందులు ఎన్ని రోజులు లేవు అన్న లెక్క ప్రతి మూడు నెలలకీ సభలో చదవాలి.

సీసాల లెక్క పైసాతో సహా రాసుకునే ప్రభుత్వానికి ఈ లెక్క రాయడం కష్టమేమీ కాదు.