పిలిచిన పలుకు బిళ్ల

శుక్రవారపు సాయంకాలమున మాలియా వీథులకు వచ్చినవానికి తాను కువైట్‌లో ఉన్నాననెడి స్మృతి కొంతసేపు తొలగిపోవును. రాజంపేట, రాయచోటి యాసలు ఒక ప్రక్కన, గోదావరి జిల్లాల దీర్ఘములు మరొక ప్రక్కన. వారమంతయు పరుల యిండ్లలో పరభాషలో మెలగిన నాలుకలు ఒక్క పూటలో బాకీ తీర్చుకొనునట్లు మాటలాడుచుండును. మొన్నటి శుక్రవారము అట్టి గుంపు నడుమ, నేలపై దుప్పటి పరచి తోలుసంచులమ్ముచున్న యొకడు చిన్న పర్సును ఎత్తి చూపి, దీనిలో పెట్టిన కార్డును ఏ దొంగయు గాలిలోనుండి చదువజాలడని హిందీలో ఘోషించుచుండెను. వెల దీనారున్నర. ఒక అరబ్బు ఇంటిలో వంటపని చేయు రాయచోటి సోదరి దానిని తిప్పి తిప్పి చూచి, “అన్నా, గాల్లోనే సదివేస్తారంట గదా, నిజమేనా?” అని నన్నడిగినది.

నిజమే. కాని ఎంత నిజమో చెప్పుటకు ఆ రద్దీలో నాకు సులువైన మాట దొరకలేదు.

అట్టి కార్డులో దాగియుండు, ఆర్.ఎఫ్.ఐ.డి. ట్యాగు అనబడు రేడియోబిళ్లకు ఆవగింజంత చిప్పు, దానికంటుకొని యొక సన్నని తీగచుట్ట, ఇంతే శరీరము. పెక్కింటికి బ్యాటరీ యుండదు. చదువు యంత్రము వెలువరించు తరంగమునుండియే కాసింత శక్తిని గ్రహించి, దానితోనే తన సంఖ్యను పలుకును. అనగా అడిగినవాని ఊపిరితోనే అడిగినవానికి బదులు చెప్పును. రాత్రివేళ ఎవరైన పేరుపెట్టి పిలిచినచో మూడవ పిలుపుదాక పలుకరాదని మన పల్లెలలో పెద్దలు చెప్పెడివారు. తలుపుపై ‘ఓ స్త్రీ రేపు రా’ అని బొగ్గుతో వ్రాసిన యిండ్లను నేనెరుగుదును. ఈ బిళ్లకు ఆ జాగ్రత్త పుట్టుకతో లేదు. పిలిచినది యజమానియో, దయ్యమో విచారింపక పలుకును. కార్మికశిబిరముల తలుపులకును, హాజరుయంత్రములకును వాడు చౌక కార్డులలో అనేకము 125 కిలోహెర్ట్‌జ్‌పై ఒక్క సంఖ్యను ఉచ్చరించుట తప్ప మరేమియు నెరుగవు. తాళపుచెవులు చేయువాని యొద్ద అట్టిదానికి నిమిషములో జంటను పుట్టింపవచ్చును. నేనెరిగిన యొక గోదావరి కుర్రవానికి, తాను ఆసుపత్రి మంచముపై పడియున్న వారములో, తినని పదునాలుగు భోజనములకు జీతములో కోత పడెను. కార్డు మ్రోగినది గనుక నీవు తిన్నట్లేయని మెస్సు గుమాస్తా తీర్పు చెప్పెను. మ్రోగించినదెవరో నేటికిని తెలియదు.

ఈ ఇసుకకు ఈ విద్యతో పాత పరిచయము కలదు. 1991 నాటి గల్ఫ్ యుద్ధమునకు అమెరికా సైన్యము తరలించిన కంటెయినర్లు ఇంచుమించు 40,000. వానిలో సగమునకు పైగా, లోపల బూట్లున్నవో బాంబులున్నవో తెలియక, తెరచి చూడవలసివచ్చెను. ఆ తలవంపునుండి నేర్చినవారై, 2003లో కువైట్ మీదుగా ఇరాక్‌పై దండెత్తునాటికి, ఇటు వచ్చు సైన్యపు పెట్టెలకు బ్యాటరీ గల రేడియోబిళ్లలను తగిలించిరి. 433 మెగాహెర్ట్‌జ్‌పై అవి పదుల మీటర్ల దూరమునకు తమ కడుపులోని సరకును గూర్చి చెప్పగలవు. పెట్టెకు నోరు వచ్చెను. గిడ్డంగివారికి నెమ్మది కలిగెను.

ఆ యేడే, ఈ ఎడారిపైననే, ఇదే విద్య మరొక ముఖమును చూపెను. మన బిళ్లకు అన్నగారని చెప్పదగిన యంత్రమొకటి రెండవ ప్రపంచయుద్ధకాలమునుండి యుద్ధవిమానములలో ఉన్నది. నేలనుండి రేడియో ‘నీవు శత్రువవా, మిత్రుడవా’ యని ప్రశ్నింపగా, మిత్రవిమానము సంకేతముతో బదులు పలుకవలెను. 2003 మార్చి 23న, తెల్లవారకముందే, అలీ అల్ సాలెమ్ వైమానికస్థావరమునకు మరలివచ్చుచున్న బ్రిటిష్ టోర్నడో విమానమును అమెరికన్ పేట్రియాట్ క్షిపణి కూల్చెను. అందలి ఇద్దరును మరణించిరి. విమానములోని ఆ గుర్తింపుయంత్రము విద్యుత్తు లోపముచే మూగవోయి యుండవచ్చునని, ఆ సంగతి వైమానికులకు తెలిసియుండదని, పేట్రియాట్ నిర్వహణలోను తప్పులున్నవని బ్రిటిష్ విచారణ 2004లో తేల్చెను. అచ్చట కార్డు పలికినందున కుర్రవాడు తిన్నాడని గుమాస్తా నమ్మెను. ఇచ్చట విమానము పలుకనందున అది శత్రువని యంత్రము నమ్మెను. భోజనములకు కోతపడినవాడు మరునాడు వచ్చి మొరపెట్టుకొనగలిగెను గదా!

రహస్యలిపి చేర్చినచో బిళ్ల భద్రమగునా యని చదువరి అడుగవచ్చును. లిపి యెట్టిదో చూడవలెను. మైఫేర్ క్లాసిక్ అను చిప్పు లోకమంతట బస్సులకును, తలుపులకును వాడబడినది. దాని తాళము కేవలము 48 బిట్లది, దాని నిర్మాణమును తయారీదారులు గుట్టుగా ఉంచిరి. 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పండితులు దానిని ఛేదించి వ్యాసము వ్రాయగా, ప్రచురణను ఆపింపుమని దానిని తయారుచేయు ఎన్.ఎక్స్.పి. సంస్థ న్యాయస్థానమునకెక్కెను. హాని కలుగుట వ్యాసమువలన కాదు, లోపమున్న చిప్పును అమ్ముటవలన అని న్యాయస్థానము ఆ కోరికను త్రోసిపుచ్చెను.

ఇక పర్సు మాట. బ్యాంకుకార్డు చిప్పు ప్రతి చెల్లింపునకును క్రొత్త సంకేతమును పుట్టించును గనుక గాలిలో వినినవానికి దక్కునది స్వల్పము. ఊరిలో టోలు చెల్లించుటకు కారు అద్దముమీద అంటించు ఫాస్టాగ్‌ను ఎవడో పిల్లవాడు చేతిగడియారముతో చదివి సొమ్ము కాజేసెనని 2022లో ఒక వీడియో ఊరూర తిరిగినది; అది కల్పితమని చెల్లింపుల సంస్థ ప్రకటించినను భయము మాత్రము నిలిచినది. టోల్‌గేటే లేని కువైట్‌లోను దానిని నాకు పంపినవారు కలరు! అంతకును కావలెనన్నచో, ఖుబ్బూసు రొట్టెలు చుట్టిన అల్యూమినియం రేకు కార్డుకు చుట్టినను చాలును, దీనారున్నర మిగులును.

పాస్‌పోర్టు సంగతి మాత్రము నిదానించి చూడదగినది. మనదేశములో చిప్పు గల పాస్‌పోర్టు 2008లో దౌత్యాధికారుల తరగతికి మొదలై, సామాన్యులకు 2024 ఏప్రిల్ 1న ప్రయోగముగా ఆరంభమైనది. అట్టపై అడుగున చిన్న బంగారురంగు గుర్తు దాని ఆనవాలు. ఈ చిప్పు పిలువగానే పలుకదు. ముందు తాళపుచెవి అడుగును. ఆ చెవి పాస్‌పోర్టు సంఖ్య, పుట్టినతేదీ, గడువుతేదీ, ఈ మూటినుండి అల్లబడినది. పుటను తెరచి చూచినవానికే అవి తెలియును గనుక, గుంపులో ప్రక్కన నిలిచిన అపరిచితునికి చిప్పు నోరు విప్పదు. అందలి సమాచారమునకు ప్రభుత్వపు అంకముద్ర కలదు. ఒక్క అక్షరము దిద్దినను ఆ ముద్రను సరిచూచు యంత్రము పసిగట్టును. రచన చక్కనిది, కాదనను.

అయితే రాయచోటిలో వీసా చూపించిన ఏజెంటు ఆ పుటను చూచెను. జిరాక్సు కొట్టువాడు చూచెను, ఒక ప్రతి అదనముగా తీసి మూలన పడవేసెను. ఇచ్చటి కఫీలు, అనగా వీసా పూచీదారైన యజమాని, చూచెను, అతని కాగితపుపనులు నడుపు మందూబు చూచెను, అందరి ఫోనులలోను ఆ పుట ఫోటోగా ఉన్నది. అపరిచితుని చేయి పది సెంటీమీటర్ల దూరములోనికి రాకుండ కాపాడుటకు ఇంత గణితము వెచ్చించిన లోకములో, పరిచితుల చేతులకు ఏ గణితమును అడ్డు లేదు.

“నీ పాసుపోర్టు యాడుందమ్మా?” అని ఆ రాయచోటి సోదరిని అడిగితిని.

“బాబా బీరువాలోన్నా. వచ్చిన దినమే తీసుకునె. బతాకా మాత్రం నాకాడుంది.”

ఇంటిపనివారి పాస్‌పోర్టును వారి సమ్మతి లేనిదే యజమాని తన యొద్ద ఉంచుకొనరాదని కువైట్ 2015 నాటి 68వ చట్టము చెప్పుచున్నది. వచ్చిన దినమున, భాష తెలియక, కన్నులు నేలకు వాల్చి, చాచిన చేతిలో పెట్టిన దానిని సమ్మతి యందురో, ఏమందురో! బీరువాకు ఇనుపరేకు కలదు. లోనున్న పాస్‌పోర్టుకు చిప్పున్నను, దానిని ఏ దొంగయు గాలిలో చదువజాలడు. అంతటి భద్రత యీ పర్సుకు లేదు.

ఆమె పర్సు కొన్నది. బతాకాను, అనగా ఇచ్చటి గుర్తింపుకార్డును, అందులో దూర్చి, ఫోను వెనుకతొడుగు ఊడదీసి నాలుగు మడతల జిరాక్సుకాగితమొకటి బయటికి తీసినది. మడతలవెంట అక్షరములు చెరగిపోవుచున్నవి, సంఖ్య మాత్రము నిలిచియున్నది. “ఇది సినిగిపోతాందన్నా. ఫోటో తీసి ఊర్లో మా తమ్మునికి వాట్సాపులో పెట్టు. రేప్పొద్దున ఏమన్నా అయితే వానికాడన్నా ఉంటాది” అన్నది. ఎనిమిది గంటలలోపల ఇల్లు చేరవలెనట. వీథిదీపము క్రింద కాగితమును అరచేతిపై చదును చేసి ఫోటో తీసి, ఆమె చెప్పిన సంఖ్యకు పంపితిని.

— ప్రవాసి