మేకధమని చెప్పు పాఠము

అంబర్‌పేట మాంసపుటంగడిలో అడిగి తెచ్చుకొన్న మేకగుండెనుండి వెలువడు బృహద్ధమనిని శుభ్రపఱచి, ఉంగరమువంటి తునకయొకటి అడ్డముగా కోసి, పళ్లెములోని ఉప్పునీట నుంచి, కత్తెరతో ఒక్కచోట తుంచినచో, ఎవ్వరును లాగకుండగనే ఆ ఉంగరము తటాలున విచ్చుకొని నెలవంక యాకృతిని దాల్చును. నెత్తురును ప్రాణమును లేని ఆ గోడలోను ఏదో బిగువు దాగియుండెనని కన్నులకు గట్టినట్లు తెలియును. లోపలి పొర నొక్కుకొనియు వెలుపలి పొర సాగియు నుండుటచేతనే, రక్తపుటొత్తిడి వచ్చినప్పుడు భారమంతయు లోపలి పొరమీద పడక గోడయంతయు పంచుకొనునని 1980ల దశకమున విశదపఱచినవారిలో, బయోమెకానిక్స్ పితామహుడని ప్రఖ్యాతి గాంచిన వై.సి. ఫంగ్ ముఖ్యుడు.

బయోమెడికల్ ఇంజనీరింగు బోధనము ఈ పళ్లెముదగ్గఱనే ఆరంభము కావలెనని నా విశ్వాసము. ఉక్కుతీగను రెట్టింపు బలముతో లాగిన కొంతవఱకు రెట్టింపే సాగును. ధమని యట్లు కాదు, మొదట మెత్తగా సాగి పిదప మొండికెత్తును. తొలుత ఎలాస్టిన్ పోగులు సాగుచుండగా, మడతలుపడియున్న కొల్లాజెన్ పోగులు ఒత్తిడి హెచ్చినకొలది నిటారై భారము మోయుటయే దీనికి హేతువు. గుండె ఒక్కొక్క స్పందనమున చిమ్ము సుమారు 70 మిల్లీలీటర్ల నెత్తుటిలో కొంతభాగమును బృహద్ధమని ఉబ్బి తనయందు నిలుపుకొని, గుండె విశ్రమించువేళ ముడుచుకొని ముందునకు నెట్టును. వయసు మీఱి ఎలాస్టిన్ చివికినపుడు ఈ సాగుగుణము క్షీణించును. మన యిండ్లలోని పెద్దలకు బి.పి.లో పై అంకె పెరుగుటకు ఇది యొక ముఖ్యకారణము.

మన హైదరాబాదు నగరమునకు ఇట్టి విద్య క్రొత్తది కాదు. నిమ్స్ ఆసుపత్రిలో చిన్నపిల్లలు కాళ్లకు తగిలించుకొని ఈడ్చుచు నడచిన 3 కిలోల ఊతచట్రములకు, అనగా కాలిపర్లకు మాఱుగా, క్షిపణులకై రూపొందించిన తేలికపాటి పదార్థముతో 300 గ్రాములవి చేయించిన అబ్దుల్ కలామ్‌గారు, హృద్రోగవైద్యులు సోమరాజుగారితో కూడి మూసుకొన్న నెత్తుటిగొట్టమును తెఱచి నిలుపు లోహపుజాలమైన స్టెంటును 1990ల దశకమున చవుకగా వెలయించిరి. 2017 ఫిబ్రవరిలో కేంద్రము వట్టి లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు, మందుపూత స్టెంటుకు 29,600 రూపాయలు గరిష్ఠధరగా విధించినది. ధర తగ్గించుట ప్రభుత్వమునకు సాధ్యము. సజీవమైన నెత్తుటిగొట్టము లోహపుజాలమును ఓర్చుకొనునట్లు చేయుట మాత్రము ప్రయోగశాలకే సాధ్యము. ఏలన, గాయపడిన గోడ మానుచు మానుచు మందమెక్కి, తెఱచిన త్రోవను మరల మూసివేయవచ్చును.

ఉస్మానియా ఇంజనీరింగు కళాశాలలోని బయోమెడికల్ విభాగము అంబర్‌పేటకు చేరువనే యున్నది. ముషీరాబాదులోని గాంధీ ఆసుపత్రియు దూరము కాదు. వారమునకొక దినము విద్యార్థులు ఆసుపత్రి వార్డులలో నుండవలెను. శస్త్రవైద్యులు ప్రయోగశాలకు రావలెను. రోగి యనుమతితో, శస్త్రచికిత్సలో తొలగించిన కణజాలపు తునకలను లాగి కొలుచు యంత్రము వారిరువురి నడుమ నుండవలెను.

అశోక్‌నగర్ స్టడీహాళ్లలోను, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములోను గ్రూప్స్ అను ప్రభుత్వోద్యోగ పరీక్షలకై రేయింబవళ్లు చదువు, ఇట్టి పనికి తగిన ఇంజనీరింగు పట్టభద్రులు కొందఱు నాకు పరిచితులు. వారిలో నొకనికి ఒకనాటి సాయంకాలము ఆ ఉంగరమును తుంచి చూపితిని. అతడు చాలసేపు మాటాడక చూచి, ప్రక్కయింటి పిల్లవానినడిగి కోణమాపకము తెచ్చి, విచ్చుకొన్న కోణమును కొలిచి వ్రాసికొని, ఇంకొక తునక కోసి పెట్టుమనెను.