ఓడ బాత్రూం వాసనకి మందు రెండు మగ్గుల నీళ్లు

కొన్నేళ్ల కిందట చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఓడలో వెళ్లాను. 2024 సెప్టెంబరులో ఆ ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది గానీ, ఓడ ఎక్కేవాళ్లలో చాలామంది నోట ఇంకా పాత పేరే. సుమారు 1,200 కిలోమీటర్ల దూరం, రెండున్నర రోజులకు పైగా నీళ్ల మీదే. మొదటి రాత్రి ఓడ బాగా ఊగింది. తెల్లారేసరికి క్యాబిన్ బాత్రూంలోంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన. తలుపు బిగించి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశాను. ఇంకా ఎక్కువైంది. సిబ్బందిలో ఒకతను వచ్చి స్ప్రే కొట్టి వెళ్లాడు. మల్లెపూలు, కుళ్లిన గుడ్లు కలిస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

అదే క్యాబిన్‌లో శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి అండమాన్‌లో స్థిరపడిన ఓ పెద్దాయన ఉన్నారు. "ఆ జాలీలో ఓ రెండు మగ్గుల నీళ్లు పొయ్యి బాబూ" అన్నారు. పోశాను. అరగంటలో వాసన చాలావరకు తగ్గింది. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసిన నాకు ఆ సంగతి ముందే తట్టనందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నేల మీది జాలీ కింద గొట్టం వంపు తిరిగి ఉంటుంది. మన ప్లంబర్లు నహానీ ట్రాప్ అనేది దాన్నే. ఆ వంపులో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి ఉండి, అవతలి మురుగు గొట్టంలోని గాలిని ఇటు రానివ్వవు. మరుగుదొడ్డికి ఇలాంటి వంపు గొట్టంతో 1775లో పేటెంటు తీసుకున్న అలెగ్జాండర్ కమింగ్ గడియారాలు చేసే మనిషి. ఇంట్లో అయితే ఈ నీటి మూతకి ఉన్న శత్రువు ఆవిరి కావడం ఒక్కటే అనుకోవచ్చు. వాడని గదుల్లో వాసన వచ్చేది అందుకే. ఓడలో మరో శత్రువు ఉంది. ఓడ ఒక పక్కకి ఒరిగినప్పుడు గొట్టం కూడా ఒరుగుతుంది, నీటిమట్టం మాత్రం సమతలంగానే ఉండాలని చూస్తుంది. దాంతో నీళ్లు వంపు దాటి అవతలికి ఒలికిపోతాయి. రాత్రంతా ఊగితే పొద్దున్నకి మూత ఉండదు.

మరి ఫ్యాన్ వేస్తే ఎందుకు పెరిగింది? 5 సెంటీమీటర్ల లోతు నీళ్లు దాదాపు 490 పాస్కల్స్ పీడనాన్ని ఆపగలవు. బాత్రూం ఫ్యాన్ లాగుడు అంతకంటే చాలా తక్కువ. ఒక సెంటీమీటరే మిగిలితే 98 పాస్కల్స్ దగ్గరే ఆ మూత విడిపోతుంది. నీళ్లే లేకపోతే అడ్డే లేదు. ఫ్యాన్ బయటికి తోసిన గాలి స్థానంలోకి ఎక్కడినుంచో గాలి రావాలి కదా. తలుపు కింది సందుకి నా సూట్‌కేసు అడ్డంగా ఉంది. ఇక మిగిలిన దారి మురుగు గొట్టమే.

ఆ గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుది. కొన్ని ఓడల్లో మంచినీళ్లు ఆదా చేయడానికి టాయిలెట్ ఫ్లష్‌కి సముద్రపు నీళ్లే వాడతారు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది. మామూలుగా తాగే నీటిలో అందులో పదో వంతు కూడా ఉండదు. గాలి ఆడని ట్యాంకుల్లో కొన్ని బ్యాక్టీరియా ఆక్సిజన్ బదులు ఈ సల్ఫేట్‌నే వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్‌ని వదులుతాయి. పైగా ఓడ రేవులో ఆగినప్పుడు మురుగును బయటికి వదలకూడదు. మార్పోల్ ఒప్పందం ప్రకారం శుద్ధి చేయని మురుగు వదలాలంటే తీరానికి 12 నాటికల్ మైళ్లు దాటాలి. మంచి నియమమే. అందువల్ల హడ్డో రేవులో ఆగిన ఓడలో మురుగు ట్యాంకులోనే నిలవ ఉంటుంది, వాయువు పోగవుతుంది.

స్ప్రే మీద నా కోపం మల్లెపూల గురించి కాదు. మన ముక్కు ఈ వాయువుని గాలిలో పది లక్షల పాళ్లలో ఒక పాలు కన్నా చాలా తక్కువున్నా పసిగడుతుంది. క్యాబిన్‌లో వచ్చే ఆ కొద్దిపాటి వాసన సాధారణంగా ప్రాణాంతకం కాదు, కానీ ఎక్కడో మూత ఊడిందని చెప్పే కబురు. దాన్ని సువాసనతో కప్పేస్తే కబురు పోతుంది, వాయువు ఉంటుంది. అసలు ప్రమాదం కింది అంతస్తులో, ట్యాంకులు శుభ్రం చేసేవాళ్లకి. గాఢత పది లక్షలకి వంద పాళ్ల దగ్గరికి వస్తే కాసేపట్లోనే ముక్కు మొద్దుబారుతుంది. వాసన పోయిందనుకుని ముందుకు దిగినవాళ్లు, వాళ్లని కాపాడబోయినవాళ్లు కూడా పోతారు. మన ఊళ్లలో మ్యాన్‌హోళ్ల చావుల వార్తల్లో ఇదే చదువుతుంటాం. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ఓడల్లో గాలిని పరీక్షించే చేతి మీటరు 2016 జులై నుంచి తప్పనిసరి. మన దీవులకి తిరిగే ప్రతి ఓడలోనూ అది ఉండాలి, ట్యాంకు మూత తీసేముందు ప్రతిసారీ బయటికి తీయాలి.

ప్రయాణికుల వైపు పని ఇంకా చవక. ఆ ఓడల్లో పోయేది విహారానికి వెళ్లేవాళ్లే కాదు. పెళ్లిళ్లకి, ఆస్పత్రులకి, సొంతూరికి తిరిగే దీవుల జనం. 2011 లెక్కల్లో అక్కడ నూటికి 13 మంది తెలుగువాళ్లే. క్యాబిన్ అప్పగించేముందు ప్రతి జాలీలో రెండు మగ్గుల నీళ్లు పోయడం శుభ్రత జాబితాలో చేర్చాలి. బాత్రూం తలుపు మీద హిందీ, బెంగాలీ, తమిళం, తెలుగులో నాలుగు ముక్కలు రాసి పెట్టాలి: రోజూ జాలీలో నీళ్లు పోయండి, తలుపు కింది సందు మూయకండి, నీళ్లు పోసి గంటైనా వాసన తగ్గకపోతే గొట్టం పగిలిందో, గాలి గొట్టం పూడిందో, వెంటనే చెప్పండి. ఎవరికి చెప్పాలో ఆ గది నంబరు కూడా అక్కడే ఉండాలి. నేను వెళ్లిన ఓడలో దాన్ని కనుక్కోవడానికే ఒక పూట పట్టింది.