ఇంటర్వెల్ కబుర్లు: కంచంలో కాకరకాయ

సినిమా పత్రికలో కూరగాయల గొడవేమిటని పేజీ తిప్పేయకండి. ఈ వారం కథలో హీరో ఉన్నాడు, విలన్ ఉన్నాడు, మధ్యలో ఒక సినిమా టిక్కెట్టు కూడా ఉంది. హీరో మా అక్క కొడుకు, వయసు ఆరేళ్లు. విలన్ బెండకాయ. నాది చిన్న క్యారెక్టర్ వేషమే అనుకున్నాను. ఎవరి వేషం ఏమిటో చివరికి మీరే తేల్చండి.

మాది హనుమకొండ. ఆదివారం వస్తే కాజీపేట నుంచి అక్కావాళ్లు మా ఇంటికి భోజనానికి వస్తారు. అందరం చాప పరుచుకుని వరసగా కూర్చుంటాం. కంచం ముందు పడగానే మావాడు ఎడిటింగ్ మొదలెడతాడు. పప్పులో టమాటా తొక్క కట్! సాంబారులో ములక్కాడ కట్! బెండకాయ వేపుడైతే రీలుకు రీలే కట్! మిగిలేది తెల్లన్నం, పెరుగు, అప్పడం. అక్క బతిమాలుతుంది. అమ్మ బూచాడి పేరు చెబుతుంది. బావ గుడ్లురుముతాడు. మావాడు మాత్రం చలించడు.

ఒక ఆదివారం నాకెక్కడ లేని తెలివీ పుట్టుకొచ్చింది. "అరే, పది బెండకాయ ముక్కలు తిన్నవంటే సాయంత్రం సినిమాకు తీస్కపోత" అన్నాను. వాడు ఒకటి, రెండు అని లెక్కపెట్టి మరీ పదీ మింగేశాడు. ఇంటిల్లిపాదీ నన్ను మెచ్చుకున్నారు. సాయంత్రం సినిమా చూశాం. అంతా శుభం కార్డే. వారం తిరిగింది. మళ్లీ బెండకాయ పడింది. వాడు నా మొహం చూసి, "ఇయ్యాల ఏం సినిమా మామా?" అన్నాడు. సినిమా లేదన్నాను. "అయితే బెండకాయ కూడ లేదు" అన్నాడు. అడ్వాన్సు మాట్లాడుకునే పెద్ద హీరోలు కూడా అంత ఖచ్చితంగా ఉండరేమో!

తర్వాత తెలిసింది, నేను తవ్వుకున్న గోతిలో చాలామంది పడ్డారని. అమెరికాలో లీన్ బర్చ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లల తిండి మీదే ఏళ్ల తరబడి పరిశోధనలు చేశారు. 1984లో వెలువడిన ఒక పరిశోధనలో చిన్నపిల్లలకు కెఫీర్ అనే పులిసిన పాల పానీయం ఇచ్చారు. కొందరికి తాగితే బహుమతి. కొందరికి పొగడ్తలు. మరికొందరికి రెండూ లేవు. బహుమతులు, పొగడ్తలు అందుకున్న పిల్లలకు ఆఖరికి ఆ పానీయం మీద ఇష్టం తగ్గింది. పిల్లల లెక్క సూటిగా ఉంటుంది మరి. లంచమిచ్చి తాగిస్తున్నారంటే అందులో ఏదో తిరకాసు ఉన్నట్టే! టిక్కెట్టుతో పాటు చీర ఉచితం అన్నారనుకోండి, ఆ సినిమా ఎలా ఉంటుందని మీరనుకుంటారు?

ఆమెదే 1980 నాటి పరిశోధన ఇంకొకటుంది. నాకు అసలు నచ్చింది అదే. ఒక కూరగాయ ఇష్టంలేని పిల్లవాణ్ణి, దాన్ని ఇష్టంగా తినే పిల్లల మధ్య కొద్ది రోజులు కూర్చోబెట్టారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. వాళ్లు తింటుంటే చూసి చూసి వీడూ అటు మొగ్గాడు.

చూసి నేర్చుకోవడమంటే సినిమా వాళ్లకు చెప్పాలా? 1929లో ఇ.సి. సెగార్ కామిక్ బొమ్మల్లో పుట్టించిన పొపాయ్ 1933లో వెండితెరకెక్కాడు. డబ్బా పాలకూర గొంతులో పోసుకోవడం, కండలు పొంగించడం, విలన్ని చితక్కొట్టడం! పాలకూర బాగా పండించే టెక్సాస్‌లోని క్రిస్టల్ సిటీలో 1937లో ఏకంగా అతనికి విగ్రహమే పెట్టారు. (పాలకూర తినగానే కండలు పొంగవు లెండి. అందులోని ఇనుము కొంతైనా ఒంటికి పట్టాలంటే కాస్త నిమ్మరసం పిండుకోవాలి. పొపాయ్ ఆ సంగతి చెప్పలేదు.)

మనకూ ఒక సీను ఉంది. 1957 నాటి 'మాయాబజార్' అనగానే అందరికీ ఘటోత్కచుడి లడ్డూలే గుర్తుకొస్తాయి గానీ, అదే సినిమాలో గోంగూరను శాకంబరీదేవి ప్రసాదంగా కీర్తించే ముచ్చట కూడా ఉంది. మా వైపు దాన్ని పుంటికూర అంటాం.

శాకంబరి అనగానే గుర్తొచ్చింది. ఆషాఢ పౌర్ణమికి మా వరంగల్ భద్రకాళి అమ్మవారు శాకంబరిగా దర్శనమిస్తుంది. అలంకారమంతా కూరగాయలూ ఆకుకూరలే. మొన్నొకసారి మావాణ్ణి భుజానికెత్తుకుని చూపించాను. వాడు నోరు తెరిచి చూశాడు. "మామా, బెండకాయలు! కాకరకాయలు గూడ పెట్టిండ్రు!" అన్నాడు. ఇంట్లో చూస్తే వాంతి వచ్చినట్టు మొహం పెట్టేవాడు, అక్కడ వేలు పెట్టి ఒక్కోదాని పేరూ చెప్పాడు. భక్తి సంగతి ఎలా ఉన్నా, బెండకాయను వాడు శత్రువులా కాకుండా చూడడం అదే మొదటిసారి.

వచ్చేటప్పుడు లక్ష్మీపురం మార్కెట్లో ఆగాం. ఏది కావాలో నువ్వే ఏరమన్నాను. సొరకాయను చంటిబిడ్డలా ఎత్తుకున్నాడు. ఇంట్లో అమ్మ దాన్ని తురిమి సర్వపిండిలో కలిపింది. కరకరలాడుతూ రెండు తిన్నాడు. అందులో ఏముందో చెప్పొద్దని అక్క సైగ చేసింది. నేను చెప్పేశాను. దాచిపెట్టి తినిపిస్తే కడుపులోకి పోతుంది గానీ ఇష్టం ఎక్కడి నుంచి వస్తుంది? "నేను తెచ్చిన సొరకాయే గదా" అని మూడోది తీసుకున్నాడు.

కాకరకాయ సంగతి వేరు. పెద్దవాళ్ల కన్నా పిల్లల నాలుకకు చేదు ఎక్కువ తెలుస్తుంది, వాళ్లది నటన కాదు. పైగా రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా కొత్త తిండంటే జంకడం మామూలే. ఒకే కూర ఎనిమిది, పది, ఒక్కోసారి పదిహేను సార్లు రుచి చూస్తే గానీ స్నేహం కుదరదట. మనమేమో రెండుసార్లు పెట్టి, "మావాడికి పడదండీ" అని ప్రకటించేస్తాం. మొదటి ఆట చూసి సినిమా ఫ్లాపని చెప్పే రకం!

ఇక అసలు సీను. మొన్న ఆదివారం అమ్మ కాకరకాయ వేపుడు చేసింది. ఒక్క ముక్కే, బలవంతం లేదు అని వాడి కంచంలో పెట్టాను. వాడు దాన్ని చూడలేదు. నా కంచాన్ని చూశాడు. "మామా, నువ్వు తింటలేవు గదా?" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. నిజమే. ముప్ఫై దాటినా కాకరకాయ నేను ముట్టను. అమ్మ వడ్డించేటప్పుడు చెయ్యి అడ్డం పెడతాను. బీరకాయ అయితే పచ్చడి చేస్తేనే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. మిర్చి బజ్జీలో మిరపకాయను కలుపుకున్నా నాకు అందులో సగం రాదు. మరి వీడేమో నేను జుట్టు దువ్వినట్టే దువ్వుకుంటాడు, నేను విజిల్ వేసినచోటే విజిల్ వేస్తాడు. ఇన్నాళ్లూ వాడు ఎడిటింగ్ నేర్చుకున్నది ఎవరి దగ్గరో అప్పుడర్థమైంది. పాఠకులారా, మీ ఇంట్లో తమ్ముడో, అక్క పిల్లలో ఉంటే ఒకసారి వాళ్ల చూపు ఎటుందో గమనించండి.

అమ్మ గిన్నె పట్టుకుని నిలబడింది. ఈసారి చెయ్యి అడ్డం పెట్టలేదు. నాలుగు ముక్కలు పడ్డాయి. మొదటిది నమిలాను. నిజం చెప్పొద్దూ, చేదే! మొహం మామూలుగా ఉంచడానికి నేను చేసిన నటనకు నంది అవార్డు ఇవ్వొచ్చు. మావాడు తన ముక్కను ముందు వాసన చూసి, అంచు కొరికి, కాసేపు ఆలోచించి, తీసుకొచ్చి నా కంచంలో పెట్టాడు.

"చేదుంది మామా. వచ్చే వారం మళ్ల చూస్త. నీయి ఇంక మూడున్నయి, తిను" అన్నాడు.