క్రూపెర్ కోళ్లును జాతిశుద్ధియును

జర్మనీదేశపు పడమటి ప్రాంతమున క్రూపెర్ అను ప్రాచీనమైన కోళ్లజాతి కలదు. ఆ దేశపు ఉత్తరభాగపు పలుకుబడిలో ఆ పేరునకు ప్రాకునదియని యర్థము. కాళ్లు మిక్కిలి పొట్టివగుటచే నది బాతువలె అటునిటు ఊగుచు నడచును. ఇందే మరుగుజ్జు క్రూపెర్ అను చిన్నకోడియు కలదు. ఈ రెండును నేడు అరుదైనవి.

పొట్టికాళ్ల పుంజును పొట్టికాళ్ల పెట్టతోనే జతపరుపవలెననియు, పొడుగుకాళ్ల పిల్ల జాతికి కళంకమనియు తలంచువారు కలరు. ఈ తలంపు సరికాదని నా మనవి.

కాళ్లను కుఱుచచేయు జన్యువు తల్లిదండ్రులలో నొకరినుండియే వచ్చినచో పిల్ల బ్రతికి పెరుగును. ఇరువురినుండియు వచ్చినచో పిండము గుడ్డులోనే, తఱచుగా నాలుగవదినము ప్రాంతమున, చచ్చును. అమెరికాలోని లాండౌవర్, డన్ అను శాస్త్రజ్ఞులు ఇట్టి పొట్టికాళ్ల కోళ్లను శోధించి 1930లో తమ ఫలితములను ప్రకటించిరి.

పై తరగతుల విద్యార్థులు మెండెలుని సూత్రములను చదివియే యుందురు. లెక్క తామే వేసికొనవచ్చును. పొట్టికాళ్ల జంటనుండి జీవముగల గుడ్లు 100 పొదిగించినచో, సగటున 25 లోలోపలనే నశించును. 50 పొట్టిపిల్లలును 25 పొడుగుకాళ్ల పిల్లలును కలుగును. పొట్టిపుంజును పొడుగుకాళ్ల పెట్టతో జతపరచినచో పొట్టివి 50, పొడుగువి 50. ఈ కారణమున చచ్చునది యొక్కటియు లేదు. పొట్టిపిల్లల సంఖ్య రెంటను సమానమే! మఱి ఆ 25 ప్రాణములను బలియిచ్చి పొందిన లాభమేమి?

ఆక్షేపణ యొకటి కలదు. ప్రదర్శనకు పనికిరాని పిల్లలు రెండవ పద్ధతిలో 25 అధికముగా మిగులును. వానికి గింజలు కావలెను, చోటు కావలెను. గింజలు ఊరక రావు. నిజమే. కాని పొడుగుకాళ్ల పెట్టయు గుడ్లు పెట్టును. వంటయింటివారు దాని కాళ్లను కొలువరు గదా. ఇంతకును అవి పరాయివి కావు, పొట్టికోళ్ల తోబుట్టువులే. ఈకలు, రంగు, తురాయి అన్నియు ఆ వంశమువే. ప్రాణముతో తిరుగు ప్రతి పొట్టికోడియు పొడుగుకాళ్ల బీజమును తనలో మోయుచునే యుండును. పొట్టిపిల్లలను మాత్రమే కను క్రూపెర్ జంటను ఎవరును తయారుచేయజాలరు.

సంతతికి బాధయో హానియో కలుగునని యూహింపదగు పెంపకమును జర్మనీ జంతురక్షణచట్టపు 11బి విభాగము నిషేధించుచున్నది. ఈ జాతి నిలువవలెనని కోరువారు చట్టము తమ గుమ్మము త్రొక్కువఱకు ఆగనేల? ప్రదర్శనలందు పొడుగుకాళ్ల తోబుట్టువులకును ఒక వరుస కేటాయించి, బహుమతి నిచ్చినచో, పెంపకందారులు వానిని సంతోషముతోనే మరుసటేటి జతలకు నిలుపుకొందురు.